పెరటి కోళ్లు: మీ ప్రశ్నలకు డాక్టరమ్మ జవాబులు

కొత్తగా కోళ్లు పెంచాలనుకునే కుటుంబాలు తమ సందేహాలు రాసి పంపాలని కిందటి సంచికలో కోరాం. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. జవాబులు రాసినవారు కృష్ణా, గోదావరి జిల్లాల పల్లెల్లో పశువైద్యురాలిగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు గుడివాడ దగ్గర సొంతూళ్లో కోళ్లు పెంచుకుంటున్నారు.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. ఈమధ్యే సొంతిల్లు కట్టుకున్నాం. వెనక మూడు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. నేనూ నా భార్యా ఉద్యోగాలకు వెళ్తాం. ఇంట్లో మా అమ్మ ఉంటుంది. పిల్లలకు పదేళ్లు, ఏడేళ్లు. నాటుకోళ్లు మంచివా, వనరాజా లాంటివా? ముప్పై కోడిపిల్లలతో మొదలుపెట్టమని ఒక స్నేహితుడు చెబుతున్నాడు. – ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ముప్పై వద్దు బాబూ, ఆరు చాలు.

లెక్క చూడండి. మేత సరిగ్గా అందితే గ్రామప్రియ అనే రకం పెట్ట పెరట్లో ఏడాదికి 160 గుడ్ల దాకా పెడుతుంది. ఐదు పెట్టలంటే 800 గుడ్లు, అంటే రోజుకు రెండు పైనే. ఐదుగురున్న మీ ఇంటికి ఇది సరిపోతుంది. అచ్చమైన నాటు పెట్ట ఏడాదికి 60, మహా అయితే 80 గుడ్లు పెడుతుంది. వనరాజా ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, గుడ్లకూ మాంసానికీ పనికొచ్చే రకం. వనరాజా, గ్రామప్రియ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి. వనరాజా బరువైన పక్షి. కుక్క వెంటపడితే నాటుకోడిలా ఎగిరి గోడెక్కలేదు. మీ ప్రహరీ ఎత్తు చూసుకుని ఎంచుకోండి.

వనరాజా, గ్రామప్రియ రెండూ పొదగవు. గుడ్ల సంఖ్య పెంచేటప్పుడు ఆ గుణం తగ్గిపోయింది. వాటి గుడ్లనే నాటు పెట్ట కింద పెట్టి పిల్లలు తీసుకుందామని చాలామంది అనుకుంటారు. పిల్లలు వస్తాయి కానీ ఇవి సంకర రకాలు కాబట్టి తల్లికున్న దిగుబడి పిల్లలకు రాదు. ప్రతిసారీ కొత్త పిల్లలు కొనుక్కోవాల్సిందే. నేనైతే ఐదు గ్రామప్రియ, ఒక నాటు పెట్ట అంటాను. ఆకాశంలో గద్ద కనబడితే నాటు పెట్ట పెట్టే అరుపు వింటే మిగతావన్నీ చెట్టు కిందికి పరిగెడతాయి. అన్నీ ఒకే వయసువి చూసుకోండి. వేర్వేరు చోట్ల కొన్నవాటిని రెండు మూడు వారాలు విడివిడిగా ఉంచి, ఆరోగ్యంగా ఉన్నాయని తేలాకే కలపండి. సంతలో కొన్న కోడిని తెచ్చిన రోజే గూట్లో కలిపితే ఊరి జబ్బులన్నీ మీ గూట్లోకి వస్తాయి.

ఒకరోజు వయసున్న కోడిపిల్లలను కొనకండి. ఐదారు వారాలు పెంచి అమ్మేవాళ్లుంటారు, వాళ్ల దగ్గర తీసుకోండి. వెచ్చదనం ఇవ్వాల్సిన దశ అప్పటికి దాటిపోతుంది. ఏ టీకా ఏ తేదీన వేశారో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

రకాల సంగతి పక్కన పెట్టి నేను అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది. సాయంత్రం గూడు తలుపు ఎవరు వేస్తారు? నా ఉద్యోగ కాలంలో కోళ్లు పెట్టి మానేసిన ఇళ్లు చాలా చూశాను. జబ్బు వల్ల మానేసినవాళ్లు కొందరైతే, అది ఎవరి పనో తేల్చుకోక మానేసినవాళ్లు అంతకంటే ఎక్కువమంది. మీ అమ్మగారు ఇంట్లో ఉంటారని రాశారు. ఆవిడను అడిగారా? కొడుకు ముచ్చటపడి కోళ్లు తెస్తాడు, రెట్ట ఎత్తడం తల్లి మెడకు పడుతుంది. ఇది నాకు ససేమిరా నచ్చని విషయం. పొద్దున మీరంతా వెళ్లిపోయాక వాటిని ఓ కంట కనిపెట్టి ఉండటం ఆవిడ చేయగలిగిన పని, అదీ ఆవిడకు ఇష్టమైతేనే. పొద్దున్నే నీళ్ల పళ్లేలు కడిగి నింపడం మీ పెద్ద బిడ్డకు అప్పగించండి. గుడ్లు ఏరి, పెన్సిల్‌తో తేదీ వేసే పని ఏడేళ్ల పిల్లలకు మహా ఇష్టం. వారానికోసారి గూట్లో ఊక మార్చే పని మీరూ మీ ఆవిడా వంతులేసుకోండి. చీకటి పడేవేళ కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి. లెక్కపెట్టి తలుపు వేయడం ఒక్కరి పేరు మీదే ఉండాలి. ఆ మనిషి ఊళ్లో లేని రోజు ఎవరు వేయాలో కూడా ముందే అనుకోండి. ఇవన్నీ రాసి గోడ మీది క్యాలెండర్ పక్కన అంటించండి.

మేతకు ఇబ్బంది పడక్కర్లేదు. పెద్ద పెట్ట రోజుకు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. తిరిగి ఏరుకునేది పోగా మిగిలింది మీరు వేయాలి. మీ వైపు జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న దొరుకుతాయి కదా, వాటికి కాస్త తవుడు, వేరుశనగ చెక్క కలపండి. బూజు వాసన వచ్చే చెక్క, బూజు పట్టిన మొక్కజొన్న మాత్రం వేయకండి. అందులో పుట్టే విషం కోళ్ల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పచ్చడి మెతుకులు, ఉప్పు ఎక్కువైన కూరలు కూడా వద్దు. పాత కుండలో పేడ, తడిపిన గడ్డి, గోనె ముక్కలు కుక్కి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించి పెడితే పొద్దుటికి చెదపురుగులు పడతాయి. పెరిగే కోడిపిల్లలకు అంతకుమించిన బలమైన తిండి లేదు. మీ పిల్లలు ఈ పని చేస్తామని పోటీ పడతారు చూడండి.

మూడు సెంట్లలో ఆకుకూర మళ్లుంటే ముందే వలతో దడి కట్టండి. లేదంటే తోటకూర ఒక్క పూటలో పోతుంది.

ప్రశ్న: జాతరలో పిల్లలు మారాం చేస్తే గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసిన కోడిపిల్లలు పది కొన్నాం. ఇంటికొచ్చిన రెండు రోజులకే నాలుగు చచ్చిపోయాయి. బుట్టలో వేసి బల్బు పెట్టాం. నూకలు వేస్తున్నాం. మా చిన్నమ్మాయి ఏడుపు ఆపడం లేదు. మిగతావి బతుకుతాయా? – ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: బతికించే ప్రయత్నం ఈ రాత్రే చేయాలమ్మా. ముందు ఆ బల్బు చూడండి. ఎల్‌ఈడీ అయితే వెలుతురే తప్ప వేడి ఉండదు. ఇప్పుడు చాలా ఇళ్లలో కోడిపిల్లలు చచ్చిపోవడానికి కారణం ఇదే. పాతకాలం ఫిలమెంట్ బల్బు, 60 లేదా 100 వాట్లది తెచ్చి అడుగు, అడుగున్నర ఎత్తులో వేలాడదీయండి. బల్బు ఊకకు, అట్టపెట్టెకు తగలకుండా గట్టిగా కట్టాలి, లేకపోతే నిప్పంటుకుంటుంది. మొదటి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీల వేడి ఉండాలి. తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. థర్మామీటర్ లేకపోతే పిల్లలను చూసి తెలుసుకోవచ్చు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కిచకిచమంటుంటే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిచి ఉంటే వేడి ఎక్కువైంది. చెదురుగా తిరుగుతూ, తింటూ, పడుకుంటూ ఉంటే సరిపోయిందని అర్థం. బుట్టలో దూరంగా జరగడానికి చోటుండదు కాబట్టి పెద్ద అట్టపెట్టెలోకి మార్చండి. అడుగున రెండంగుళాల ఊక పోసి, మొదటి మూడు నాలుగు రోజులు దాని మీద నున్నగా లేని కాగితం పరవండి. అప్పుడు ఊకను మేతనుకుని తినవు.

నీళ్లు లోతు లేని మూతలో పెట్టి గులకరాళ్లు వేయండి. పిల్లలు అందులో పడి తడిస్తే చలికి చచ్చిపోతాయి. నీరసంగా ఉన్నవాటికి నీళ్లలో కాస్త గ్లూకోజ్ గానీ బెల్లం గానీ కలిపి, ముక్కు కొన మెల్లగా ముంచి తాగడం అలవాటు చేయండి. నూకలు ఒక్కటే చాలవు. కోళ్ల దాణా కొట్లో చిక్ స్టార్టర్ అనే కోడిపిల్లల దాణా అడిగి తెచ్చి, ఆరు వారాల దాకా అదే పెట్టండి.

ఇక మీ చిన్నమ్మాయికి ఒక మాట చెప్పాలి. ఆ పిల్లలు తన వల్ల చావలేదు. జాతరల్లో, బస్టాండ్ల దగ్గర రంగులేసి అమ్మేవి చాలావరకు గుడ్ల ఫారాలకు పిల్లలు తీసే హేచరీల్లోని మగపిల్లలు. గుడ్లు పెట్టవు కాబట్టి అక్కడ వాటికి విలువ లేదు. పుట్టిన రోజు నుంచీ వెచ్చదనం, నీళ్లు సరిగ్గా అందక సగం చచ్చి మీ చేతికి వస్తాయి. మీవి పెరిగితే పుంజులవుతాయి, గుడ్ల ఆశ పెట్టుకోకండి. ఇంకోసారి ఆ రంగు పిల్లలను కొనకండి. కొనేవాళ్లుంటేనే కదా అమ్మేది.

ప్రశ్న: మా మామగారు మొదటి నుంచీ నాటుకోళ్లు పెంచుతున్నారు. రెండు మూడేళ్లకోసారి ఎండాకాలంలో కొక్కెర వచ్చి మొత్తం ఊడ్చుకుపోతుంది. టీకాలు వేద్దామంటే “నాటుకోడికి టీకా ఏంటి, పోయినవి పోగా మిగిలినవే గట్టివి” అంటారు. ఆయన్ను ఎలా ఒప్పించాలి? – ఒక కోడలు, సత్తుపల్లి మండలం

జవాబు: మీ మామగారి మాటలో కొంత నిజముందమ్మా, అది ముందు ఒప్పుకోండి. నాటుకోడి ఎండకు, వానకు, కొన్ని చిన్న జబ్బులకు ఫారం కోడి కంటే బాగా తట్టుకుంటుంది. కానీ కొక్కెర తెగులు ఆ లెక్కలోకి రాదు. దాన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. అది వైరస్. పచ్చగా పారడం, నోరు తెరిచి గురకలా శ్వాస తీయడం, మెడ వంకర తిరగడం, కాళ్లు పడిపోవడం దాని లక్షణాలు. టీకా లేని మందలోకి వచ్చిందంటే పదింటికి ఎనిమిది, తొమ్మిది పోతాయి. వచ్చాక మందు లేదు, ముందు టీకా వేయడం ఒక్కటే దారి. మిగిలినవే గట్టివని మామగారు అంటారు కానీ, ఆ మిగిలిన రెండింటితో మళ్లీ మంద తయారవడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఇంట్లో పిల్లలకు గుడ్లుండవు. ఈ లెక్క ఆయనకు చెప్పండి.

టీకాల వరుస ఇది. పిల్ల పుట్టిన ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెరకు లసోటా అనే టీకా, కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క. రెండు వారాలకు గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బుకు చుక్క. నాలుగు వారాలకు లసోటా మళ్లీ. ఆరో వారం దాటాక కోడి అమ్మవారికి రెక్క దగ్గర టీకా. ఎనిమిదో వారం దాటాక కొక్కెరకు ఆర్‌2బి ఇంజెక్షన్. ఇది పెద్ద టీకా, చిన్న పిల్లలకు వేయకూడదు, జబ్బు పడ్డవాటికి వేయకూడదు. తర్వాత ఆరు నెలలకోసారి వేయిస్తుంటే మంద నిలబడుతుంది. సంక్రాంతి వెళ్లగానే, ఎండలు ముదరకముందే ఒకసారి అందరూ వేయించుకోవాలని నా పట్టుదల. దానికి వారం ముందు నట్టల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది.

చిక్కు ఎక్కడంటే, టీకా సీసాలు వంద డోసులవి, అంతకు పైబడినవి వస్తాయి. పది కోళ్లున్న ఇంటికి ఒక సీసా దండగ అనిపిస్తుంది. ద్రావణంలో కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి, దాచుకుంటే పనికిరాదు. అందుకే నేను పనిచేసిన ఊళ్లలో వీధికి ఒక రోజు పెట్టించేదాన్ని. పదిళ్లవాళ్లు కలిసి ఒక సీసా తెచ్చుకుంటారు. ముందురోజు రాత్రి ఎవరి కోళ్లు వాళ్లు గంపల కింద, గూళ్లలో కమ్మిపెడతారు. తెల్లవారకముందే, కోళ్లు బయటికి రాకముందే ఇల్లిల్లూ తిరిగి వేసేస్తే చాలు. పగలు వదిలాక కోడిని పట్టడం ఎవరి తరం కాదు. పక్కింటి మందకు టీకా లేకపోతే జబ్బు అక్కడ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఇలా కలిసి వేయించుకోవడం మీకూ మేలే. సీసా కొట్లో ఫ్రిజ్‌లోంచి తీసిన దగ్గర్నుంచి మీ వీధికి వచ్చేదాకా ఐసు మధ్యనే ఉండాలి. ఎండలో సంచిలో వేసుకొచ్చిన టీకా వేసి, ‘వేసినా పోయాయి’ అనేవాళ్లను చాలామందిని చూశాను. మీ ఊరి పశువైద్యశాలలో అడగండి.

మామగారిని ఆ రోజు కోళ్లు పట్టే పెద్దగా పెట్టండి. పెట్ట రెక్కలు నొప్పి లేకుండా పట్టడం ఆయనకు తెలిసినంత కొత్తవాళ్లకు తెలియదు. తన పనితనం పనికొచ్చిన చోట మనిషి వాదన తగ్గుతుంది.

ప్రశ్న: పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెడతాయా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పెడతాయి. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. పట్నంలో పక్క గోడకు ఇల్లుంటే పుంజు వద్దు. తెల్లవారుజామున మూడింటికే మొదలుపెడుతుంది, మీకూ పక్కింటికీ మాటలుండవు.

ప్రశ్న: గూటికి చిన్న తాళం కూడా వేశాం. అయినా రాత్రి ఏదో వచ్చి మూడు పెట్టల మెడలు కొరికి వెళ్లింది, తినలేదు. ముంగిసేనా? గూడు ఎలా కట్టాలి? – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మెడలు కొరికి వదిలేసిందంటే అనుమానం ముంగిస మీదికీ, అడవి పిల్లి మీదికీ పోతుంది. రాత్రిపూట కాబట్టి పిల్లి జాతిదే ఎక్కువ అవకాశం, ముంగిస పగటి వేటగాడు. ఏదైనా అది తలుపు దారిన రాలేదు. గూటి చుట్టూ తిరిగి చూడండి, మీ పిడికిలి పట్టే సందు ఎక్కడుందో అక్కడి నుంచి వచ్చి ఉంటుంది. కోడి పిల్లల కోసం అమ్మే పల్చటి తీగ వల కుక్క పళ్లకు కూడా ఆగదు. వెల్డింగ్ చేసిన, అరంగుళం కళ్లున్న ఇనుప జాలీ వేయించండి. అడుగున కూడా జాలీయో, సిమెంటు పలకో ఉండాలి. నేల గూడైతే చుట్టూ అడుగు లోతున జాలీ పాతిపెట్టాలి, లేకపోతే తవ్వుకుని వస్తాయి.

మీది కోనసీమ కాబట్టి నేల గూడు అసలే వద్దంటాను. నేలకు రెండడుగుల ఎత్తున స్తంభాల మీద కట్టండి, వానాకాలం చెమ్మ తగలదు. చెమ్మ ఊకలో రక్తపారుడు వస్తుంది, పిల్లలు పిట్టల్లా రాలిపోతాయి. పెద్ద కోడికి ఒకటి నుంచి ఒకటిన్నర చదరపు అడుగుల చోటు రాత్రికి చాలు. లోపల వెదురు దూలం అడ్డంగా కట్టండి, కోళ్లు ఎత్తు మీద పడుకోవాలనుకుంటాయి. గుడ్లకు చీకటిగా ఉండే మూల, ఊకో ఎండుగడ్డో వేసిన పెట్టె నాలుగైదు పెట్టలకు ఒకటి ఉంటే గుడ్ల కోసం పొదలు వెతికే పని తప్పుతుంది. గాలి పోయేలా పైన ఖాళీ వదలండి. పొద్దున గూడు తెరవగానే కళ్లు మండే ఘాటు వస్తుంటే గాలి చాలడం లేదన్నమాట.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల పాప ఒక పుంజును పిల్లప్పటి నుంచి పెంచింది. దానికి పేరు పెట్టింది. పిలిస్తే వచ్చేది. కనుమ రోజు బంధువులు వచ్చారని మా అత్తగారు ఆ పుంజునే కోయించారు. పాప ఆ కూర ముట్టలేదు. అప్పటి నుంచి పెరట్లోకి వెళ్లడం మానేసింది, నాయనమ్మతో మాట్లాడటం లేదు. అత్తగారేమో ‘కోడిని పెంచేది ఎందుకట?’ అంటున్నారు. నాకు ఇద్దరూ కావాలి. ఏం చేయను? – ఒక తల్లి, భీమవరం దగ్గర నుంచి

జవాబు: ఈ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా.

మీ అత్తగారు కొత్తగా చేసిన తప్పేమీ లేదు. కనుమకు ఇంటి కోడి, మినప గారెలు ఆవిడ పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆచారం. వచ్చిన బంధువుకు ఇంట్లో పెరిగిన పుంజును పెట్టడం ఆవిడ దృష్టిలో గౌరవం. మీ పాపా తప్పు చేయలేదు. ఆ పుంజు తన చేతి గింజలు తిని పెరిగింది. పాపను అడగకుండా దాన్ని తీసుకెళ్లారు. తప్పు ఎక్కడుందంటే, ఏ కోడి కూరకు, ఏ కోడి పెంపకానికి అన్నది ఆ ఇంట్లో ఎవరూ ముందు మాట్లాడుకోలేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పాపతో ‘పోయిందిలే, ఇంకోటి కొంటాం’ అనకండి. కొత్త పుంజు తెచ్చి ముందు పెట్టకండి, ఇప్పుడే వద్దు. మీరు, మీ ఆయన ఇద్దరూ కూర్చుని, ‘నీ పుంజని మాకు తెలుసు, నిన్ను అడగాల్సింది’ అని చెప్పండి. ఆ మాట నాయనమ్మ నోటి నుంచి వస్తే ఇంకా మంచిది. ఆవిడను బలవంతపెట్టకండి, పాప లేనప్పుడు నెమ్మదిగా చెప్పి చూడండి. ‘కోడి విషయం కాదత్తయ్యా, పిల్ల మిమ్మల్ని నమ్మింది’ అంటే ఆవిడకు అర్థమవుతుంది. చిన్నప్పుడు తనూ ఏ దూడనో, మేకపిల్లనో సాకి ఉంటారు. అది అడగండి. ఆ కథ పాపకు చెప్పమనండి.

తర్వాత ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి. పేరు పెట్టిన కోడి కూరకు పోదు. కూరకు పెంచేవాటికి పేర్లు పెట్టం, కాలికి దారం కడతాం. ఇది పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. దాచి, ‘ఎగిరిపోయింది’, ‘మామయ్య ఊరికి పంపాం’ అని చెప్పడం నాకు గిట్టదు. పిల్లలు కనిపెడతారు, ఆ తర్వాత మన ఏ మాటా నమ్మరు. నిజం తెలిసి పెరిగిన పల్లెటూరి పిల్లలు కోడిని ప్రేమగానూ చూసుకుంటారు, కూరా తింటారు. తినని పిల్లలను తినమని ఒత్తిడి చేయకండి.

పాప తనంతట తాను పెరట్లోకి వచ్చేదాకా ఆగండి. పొదిగే పెట్ట ఉంటే, ఇరవై ఒకటో రోజు దగ్గర పడ్డాక గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి పిల్ల కిచకిచ వినిపిస్తుంది. ఆ రోజు నాయనమ్మే పాపను పిలవాలి.

ప్రశ్న: పురిటికి వచ్చిన మా అమ్మాయి, ఏడాది నిండని మనవడు మా ఇంట్లో ఉన్నారు. కోళ్లు అరుగు మీదికి వస్తుంటాయి, బాబు పాకుతుంటాడు. బర్డ్ ఫ్లూ అని టీవీలో చూసి అల్లుడు కోళ్లన్నీ అమ్మేయమంటున్నాడు. – ఒక అమ్మమ్మ, తణుకు

జవాబు: అమ్మక్కర్లేదు గానీ అల్లుడి టెన్షన్‌ను తేలిగ్గా తీసుకోకండి. 2025 ఫిబ్రవరిలో మీ గోదావరి జిల్లాల్లోనే బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాల్లో కోళ్లను పూడ్చాల్సి వచ్చింది. ఆ తర్వాతి నెలలో మన రాష్ట్రంలోనే ఒక చిన్నారి ఆ జబ్బుతో చనిపోయింది. ఆ చిన్నారికి పచ్చి కోడిమాంసం ముక్క పెట్టారని వార్తల్లో వచ్చింది. పచ్చి మాంసం పిల్లల చేతికి ఇవ్వకూడదు. మాంసం కడిగిన చేత్తో పిల్లలకు అన్నం కలపకూడదు. లోపలి దాకా బాగా ఉడికితే వైరస్ బతకదు.

రోజువారీ ప్రమాదం దానికంటే మామూలుది. ఆరోగ్యంగా కనిపించే కోడి రెట్టలోనూ సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. పెద్దవాళ్లకు రెండు రోజుల విరేచనాలతో పోయేది ఏడాది లోపు బిడ్డను ఆసుపత్రి పాలు చేస్తుంది. కాబట్టి అరుగుకు అడ్డంగా నడుమెత్తు వల కట్టించండి, బాబు పాకే చోటికి కోడి రాకూడదు. కోళ్ల పనికి వేరే చెప్పులు, అవి గడప బయటే. పని కాగానే సబ్బుతో చేతులు. బాబును ఎత్తుకుని కోడిని ముద్దు చేయించడం ఐదేళ్లు వచ్చేదాకా ఆపండి. మీ అమ్మాయికి హాఫ్ బాయిల్ వద్దు, బాగా ఉడికిన గుడ్డే పెట్టండి.

ఒకటి రెండు కాకుండా, ఒక్కసారిగా చాలా కోళ్లు చచ్చిపోతే వాటిని కోయకండి, వండకండి, కాలవలో పారేయకండి. పశువైద్యశాలకు చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి. వాళ్లు చెప్పినట్టు లోతు గొయ్యిలో సున్నం వేసి పూడ్చాలి.

ప్రశ్న: ఏప్రిల్ నుంచి గుడ్లు సగానికి తగ్గాయి. కొన్ని పెంకు లేకుండా తోలుగుడ్లు పెడుతున్నాయి. దిష్టి అంటున్నారు. – ఒక పాఠకుడు, రెంటచింతల

జవాబు: ఎండండీ. మీ ఊరి ఎండ సంగతి నేను చెప్పాలా. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది. అలా రొప్పినప్పుడు రక్తంలో జరిగే మార్పు వల్ల గుడ్డు పెంకుకు కావలసిన సున్నం సరిగ్గా అందదు. పైగా మేత తగ్గిస్తుంది. మేత పొద్దున ఆరు లోపు, మళ్లీ ఎండ తగ్గాక వేయండి. మట్టి పాత్రల్లో నీళ్లు చెట్టు నీడన మూడు నాలుగు చోట్ల పెట్టి మధ్యాహ్నం మార్చండి. పల్చటి మజ్జిగ కూడా పోయొచ్చు. గాలి వచ్చే వైపు గోనె సంచులు తడిపి కట్టండి. నత్తగుల్లల నలుసు గానీ, ఆల్చిప్పల పొడి గానీ విడిగా ఒక గిన్నెలో ఉంచండి, ఎంత కావాలో పెట్టే తింటుంది. వాన పడ్డాక కూడా తోలుగుడ్లు ఆగకపోతే పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న: గుడ్లు తేగానే కడగాలా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కడిగి దాచకండి. గుడ్డు మీద సహజంగా ఒక పల్చటి పొర ఉంటుంది, అది సూక్ష్మజీవులను లోపలికి పోనివ్వదు. రెట్ట అంటుకుంటే పొడిగుడ్డతో తుడవండి. కడగాలనుకుంటే వండే ముందు కడగండి. ఎన్నాళ్ల గుడ్డో గుర్తులేకపోతే నీళ్లలో వేసి చూడండి. అడ్డంగా అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే ముందు వాడేయాలి, తేలితే పారేయండి.